బోర్డర్ షుగర్‌కి అమ్మే మూలికలు: కొన్నవి, వాడినవి, పక్కన పడేసినవి

ముందే చెప్పేస్తున్నాను. షుగర్ తగ్గుతుందని నేను కొన్న మూలికల సామానులో పెట్టిన డబ్బుకి న్యాయం చేసినవి ఒక్క మెంతులే. అవి కూడా సీసాలో వచ్చిన మెంతి క్యాప్సూల్స్ కాదు, మా వీధి కిరాణా కొట్లో పొట్లం కట్టి ఇచ్చిన మామూలు మెంతులు. మిగతా వాటిలో కొన్ని సరదాగా ఉన్నాయి, కొన్ని దండగ, ఒకటి మాత్రం బాగా చిరాకు పెట్టింది. మా ఆఫీసులోనే నాలాంటి బోర్డర్ బ్యాచ్ చాలామంది తయారయ్యారు, కనిపించిన ప్రతివాళ్ళూ "నువ్వేం వాడుతున్నావు" అనే అడుగుతున్నారు కాబట్టి అందరికీ కలిపి ఒకేచోట రాస్తున్నాను.

బోర్డర్ అంటే పరగడుపు షుగర్ 100 నుంచి 125 మధ్య, లేదా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 5.7 నుంచి 6.4 మధ్య ఉండటం. నాది 114, 6.1. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే 2023లో బయటపెట్టిన లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10.1 కోట్లయితే ఈ గట్టు మీద కూర్చున్నవాళ్ళం 13.6 కోట్లు. డాక్టరేమో సాధారణంగా మందు రాయడు, బరువు తగ్గు, నడువు అని పంపించేస్తాడు. టెన్షన్ ఉండి, చేతిలో చీటీ లేని ఇంతమంది దొరికితే అమ్మేవాడు ఊరుకుంటాడా? పైగా బోర్డర్‌లో ఉన్న కొందరికి ఏ మందూ లేకుండానే తర్వాతి టెస్టు నార్మల్ వస్తుంది, ఆ టైములో ఏది మింగుతుంటే పేరు దానికి పోతుంది. సందట్లో సడేమియా.

మొదట ఆ చిరాకు పెట్టిన దాని సంగతి. ఫోన్లో రోజూ కనిపించే యాడ్ చూసి తెప్పించిన కాంబినేషన్ క్యాప్సూల్. పేరు రాయను, ఇలాంటివి ఇరవై ఉన్నాయి, ఒకదాని లేబుల్ చూస్తే అన్నిటిదీ చూసినట్టే. సీసా ముందు వైపు కాకరకాయ, నేరేడు పళ్ళు, మెంతులు బొమ్మలతో కళకళలాడుతుంది. వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో అసలు విషయం: పదకొండు మూలికలు, అన్నీ కలిపి క్యాప్సూల్ 500 మిల్లీగ్రాములు. అందులో ఏది ఎంత ఉందో రాయలేదు, మొత్తం మాత్రమే రాశారు. సమానంగా పంచారనుకున్నా ఒక్కోటి 45 మిల్లీగ్రాములు వస్తుంది. రోజుకి రెండు వేసుకుంటే మెంతులు 90 మిల్లీగ్రాములు, అంటే మా ఇంట్లో పులుసు పోపులో వేసే చిటికెడు కూడా కాదు. ఆ లెక్కన పులుసు, మెంతికూర తినే ప్రతి ఇంట్లో షుగరే ఉండకూడదు.

ఇదే మాట ఫోన్ చేసిన "హెల్త్ ఎక్స్‌పర్ట్" అమ్మాయిని అడిగాను. (సీసా కొంటే ఆవిడ ఫ్రీ. వద్దన్నా ఫ్రీ.) "ఇది పొడి కాదు సార్, ఎక్స్‌ట్రాక్ట్, చాలా పవర్‌ఫుల్" అంది. ఎన్ని రెట్లు గాఢత, దేని సారం ఎంత అంటే సమాధానం లేదు, మూడు నెలల కోర్సు మీద ముప్పై శాతం డిస్కౌంట్ ఉంది. నాకు కోపం వచ్చింది అక్కడ కాదు. "మా నాన్నగారు షుగర్ టాబ్లెట్లు వాడుతున్నారు, ఆయనకి కూడా ఇవ్వొచ్చా" అని ఊరికే కదిపితే, "ఇచ్చేయండి సార్, పదిహేను రోజుల తర్వాత మెల్లగా టాబ్లెట్లు ఆపేయొచ్చు" అంది. ఏమాత్రం తడుముకోలేదు. ఆ పిల్లని అని లాభం లేదు, ఎదురుగా ఎవరో రాసిచ్చిన కాగితం చదువుతోంది. షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారమే నేరం, అందుకే సీసా మీద "సపోర్ట్ చేస్తుంది", "సహాయపడుతుంది" అని నీళ్ళు నమిలి, ఆ మిగతా మాట ఫోన్లో చెబుతారు. దీనికి అయిదుకి ఒకటి కూడా ఎక్కువే.

ఇంకో సంగతి, ఆ యాడ్‌లో చూపించే ముందు-తర్వాత ఫొటోలు. 121 నుంచి 109కి వచ్చిందని మీటర్ ఫొటో పెడతారు. ఇంట్లో వాడే గ్లూకోమీటర్‌కి అంతర్జాతీయ ప్రమాణం ఇచ్చే వెసులుబాటే అటూ ఇటూ 15 శాతం. దానికి తోడు రాత్రి నిద్ర సరిగ్గా లేకపోయినా, భోజనం ఆలస్యమైనా పొద్దున్నే అంకె మారుతుంది. పన్నెండు పాయింట్ల తేడా చూసి పండగ చేసుకోవద్దు. ఏదైనా వాడి చూడాలంటే ముందు ఒకసారి, మూడు నెలల తర్వాత ఒకసారి, అదే ల్యాబ్‌లో హెచ్‌బీఏ1సీ చేయించుకోవాలి, ఎందుకంటే అది దాదాపు రెండు మూడు నెలల సగటు చెబుతుంది. రక్తహీనత ఉన్నవాళ్ళకి, ముఖ్యంగా ఐరన్ తక్కువున్న ఆడవాళ్ళకి, అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు, ఆ సంగతి డాక్టర్‌తో చెప్పి చూపించుకోండి.

ఇక మెంతులు. వీటికి నేను నాలుగు ఇస్తాను, ఆ అయిదోది ఎందుకు ఆపానో చివర్లో చెబుతాను. మెంతుల గురించి గట్టిగా పనిచేసిన చోట్లలో మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) ఒకటి. అక్కడివాళ్ళు 1990లో ప్రచురించిన ఒక పరిశోధనలో నూనె తీసేసిన మెంతిపిండి రోజుకి 100 గ్రాములు రెండు పూటల భోజనంలో కలిపి పెట్టారు, పరగడుపు షుగర్ తగ్గింది. వాళ్ళు ఇన్సులిన్ మీద ఆధారపడే టైప్ 1 రోగులు, పెట్టింది పది రోజులే, అయినా ఆ అంకె ఒకసారి మళ్ళీ చదవండి: 100 గ్రాములు. అది మందు మోతాదు కాదు, సగం భోజనం. "ఎన్ఐఎన్‌లో రుజువైంది" అని 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్ అమ్మేవాళ్ళు ఈ ముక్క చెప్పరు.

మనలాంటి బోర్డర్ వాళ్ళకి అసలు పనికొచ్చేది 2015లో వచ్చిన ఇంకో అధ్యయనం, అదీ మన హైదరాబాద్ డాక్టర్లదే. ప్రీడయాబెటిస్ (మన బోర్డరే) ఉన్న 140 మందిని తీసుకుని, 66 మందికి మెంతిపొడి 5 గ్రాములు చొప్పున రోజుకి రెండుసార్లు భోజనానికి ముందు ఇచ్చి, మిగతావాళ్ళకి ఇవ్వకుండా, మూడేళ్ళు చూశారు. మెంతులు తీసుకోనివాళ్ళలో షుగర్ వచ్చే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఎక్కువ కనిపించింది. చిన్న గుంపే, ఇంకా పెద్ద ఎత్తున చేస్తే ఇంత తేడా నిలుస్తుందా అంటే నాకూ అనుమానమే. కానీ మూలికల్లో మన తిండి తినే, మన ఊరి మనుషుల మీద ఇంతకాలం చూసిన లెక్క చేతిలో ఉన్నది దీనికే. రోజుకి పది గ్రాములు అంటే 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్ ఇరవై మింగాలి. సీసా మూడు రోజులకి ఖాళీ. అదే కిరాణా కొట్లో నెలకి సరిపడా మూడు వందల గ్రాములు కొంటే హోటల్లో ఒక ప్లేటు ఇడ్లీ ఖర్చు అవుతుందేమో.

ఇది ఎందుకు పనిచేస్తుందో తెలుసుకుంటే ఎలా తినాలో కూడా అర్థమవుతుంది. మెంతుల్లో నీళ్ళు తగిలితే జిగురుగా ఉబ్బే పీచు ఉంటుంది, అది కడుపులో అన్నంతో కలిసి ముద్దలా అయ్యి చక్కెర రక్తంలోకి ఎక్కే వేగాన్ని తగ్గిస్తుంది. అందుకే పరిమాణం కావాలి. ఆ పీచుని పది రెట్లు సారం తీసి చిన్న గొట్టంలో దూర్చడం కుదిరే పని కాదు. రాత్రి నానబెట్టి పొద్దున్నే నీళ్ళు తాగి గింజలు పారబోసేవాళ్ళని మా అపార్ట్‌మెంట్లోనే చూస్తున్నాను, అసలు సరుకు సింక్‌లోకి పోతోంది. గింజలు నమిలి మింగాలి, లేదా పొడి తినాలి.

నేను చేసేది: మెంతులు దోరగా, రంగు కొంచెం మారేవరకే వేయించి మిక్సీలో మెత్తగా పట్టి సీసాలో పోసుకోవడం. మాడితే చేదు రెట్టింపవుతుంది, నోట్లో పెట్టలేం. ఒక చిన్న చెంచా నిండుగా తీసుకుని పల్చటి మజ్జిగలో వేసి, ఉప్పు, నలిపిన కరివేపాకు వేసి వెంటనే తాగేయాలి. వెంటనే అని ఎందుకంటున్నానంటే, ఫోన్ వచ్చి పది నిమిషాలు పక్కన పెడితే గ్లాసులో చెంచా నిలబడేంత చిక్కబడి, పైకెత్తితే బెండకాయ జిగురులా తీగలు సాగుతుంది, ఆ తర్వాత అది తాగడం మన వల్ల కాదు. మొదటి వారం కడుపు ఉబ్బరం, గ్యాస్ గ్యారంటీ, అందుకే అర చెంచాతో మొదలుపెట్టి పెంచుకోండి. ఇంకో ఇబ్బంది ఎవరూ చెప్పరు, చెమటకి మెంతుల వాసన వస్తుంది. మా ఆవిడ రెండో వారంలోనే "చొక్కాలు ఆవకాయ జాడీలా వాసనొస్తున్నాయండీ" అని తేల్చేసింది. వేరుశెనగ, శెనగలు పడనివాళ్ళకి మెంతులు కూడా పడకపోవచ్చు. గర్భిణులు ఇంత మోతాదులో తినకూడదు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడగాలి, థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు దానికీ దీనికీ కొన్ని గంటలు ఎడం పెట్టాలి.

నాకు బాగా సరదా అనిపించింది పొడపత్రి. హిందీవాళ్ళు గుడ్‌మార్ అంటారు, దాదాపు ప్రతి షుగర్ క్యాప్సూల్‌లోనూ ఉంటుంది. వన్‌టౌన్‌లో మూలికలు అమ్మే పాత కొట్టాయన ఎండిన ఆకు తూచి ఇస్తూ "నమిలి, వెంటనే పంచదార నోట్లో వేసుకుని చూడండి బాబూ, ఆ తర్వాత మాట్లాడదాం" అన్నాడు. ఆకు చేదుగా, కొంచెం గడ్డివాసనగా ఉంటుంది. ఒక నిమిషం నమిలి ఉమ్మేసి పంచదార వేసుకుంటే, నిజంగా ఇసుక. గరగరలాడుతుంది, కరుగుతుంది, తీపి మాత్రం సున్నా. పూతరేకు తింటే నెయ్యి పూసిన కాగితం తిన్నట్టుంది, ఆ పూట స్వీటు మీద ఆశ పోయింది. ఆకులో ఉండే జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పట్టే చోట్లని కాసేపు మూసేస్తాయి, అరగంట అటూ ఇటూగా మళ్ళీ మామూలే.

ఇప్పుడు చూడండి తమాషా. ఈ మూలిక కచ్చితంగా చేసే పని నాలుక మీద. దాన్ని క్యాప్సూల్‌లో పెట్టి మింగిస్తే నాలుకకి తగలనే తగలదు. లోపలికి వెళ్ళాక కూడా పనిచేస్తుందని చెప్పడానికి అమ్మేవాళ్ళు ఎత్తే అధ్యయనాల్లో ముఖ్యమైనది 1990 నాటి మద్రాసుది, రోజుకి 400 మిల్లీగ్రాముల సారం ఇచ్చారు, ఉన్నది 22 మంది, వాళ్ళందరూ షుగర్ వచ్చి మందులు వాడుతున్నవాళ్ళు. మనలాంటివాళ్ళ మీద దాన్నుంచి ఏమీ తేల్చలేం. సాయంత్రం టీ టైములో బిస్కెట్ల మీదకి చెయ్యి పోయేవాళ్ళకి ఆకు మాత్రం భేషుగ్గా ఉంటుంది. ఆకుకి మూడు, క్యాప్సూల్‌కి ఒకటిన్నర.

అయితే పొడపత్రి ఏమీ చేయదని కాదు, తప్పు మనిషికి తగిలితే చేస్తుంది. మా బాబాయి గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర వాడతాడు, డాక్టర్‌తో చెప్పకుండా దానిమీద పొడపత్రి క్యాప్సూల్స్, పొద్దున్నే కాకర రసం మొదలెట్టాడు, ఒకరోజు టిఫిన్ ఆలస్యమై, షుగర్ మరీ పడిపోయి బస్టాండులో చెమటలు పట్టి కూలబడ్డాడు. పక్కవాళ్ళు గ్లూకోజ్ నీళ్ళు తాగిస్తే తేరుకున్నాడు. అందులో ఏది ఎంత చేసిందో ఎవరూ చెప్పలేరు. షుగర్ మాత్రలు వాడేవాళ్ళకి ఈ రాతలో ఏదీ వర్తించదు, ఇది మందులేమీ లేని బోర్డర్ వాళ్ళ కోసం మాత్రమే.

వేగిస చెక్క గ్లాసు, అదే విజయసార్ గ్లాసు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. రాత్రి నీళ్ళు పోసి ఉంచితే పొద్దున్నకి గోధుమరంగులోకి మారతాయి, కిటికీ దగ్గర ఎండకి పట్టుకుంటే అంచున నీలిరంగు మెరుపు. ఆ రంగు చూసి సగం నమ్మకం వస్తుంది. ఐసీఎంఆర్ 1998లో ఈ చెక్క మీద ట్రయల్ ప్రచురించిన మాట నిజమే, 97 మందిలో 67 మందికి షుగర్ అదుపులోకి వచ్చిందన్నారు. కానీ పోల్చి చూడ్డానికి ఉత్తుత్తి మందు ఇచ్చిన గుంపు అందులో లేదు, ఇచ్చింది కూడా కొలిచిన సారం, మన గ్లాసులో ఊరిన నీళ్ళు కాదు. ఏ గ్లాసులో ఎంత దిగుతుందో ఎవరికీ లెక్క లేదు. నెల తిరిగేసరికి రంగు దిగడం తగ్గిపోయి, సరిగ్గా ఆరబెట్టకపోతే లోపల తెల్లగా బూజు పట్టింది. ఒకటిన్నర, ఆ సగం రంగుకి.

కాకర రసం, నేరేడు గింజల పొడి గురించి ఎక్కువ రాయడానికేమీ లేదు. కాకరకాయ కూరగా వండుకుని అన్నం తగ్గించి తినండి, అది మంచి తిండి. రసం తాగి మొహం అదోలా పెట్టుకోవడం వల్ల అదనంగా వచ్చేది ఏదైనా ఉంటే అది చాలా తక్కువ. దాల్చినచెక్క పొడి కూడా అంతే, పైగా బజార్లో దొరికేది ఎక్కువగా క్యాషియా రకం, దాంట్లో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ, రోజూ చెంచాలకొద్దీ తింటే కాలేయానికి మంచిది కాదు.

పసుపు క్యాప్సూల్స్ గురించి అడిగేవాళ్ళకి: థాయ్‌లాండ్‌లో ప్రీడయాబెటిస్ ఉన్న 240 మంది మీద తొమ్మిది నెలలు చేసి 2012లో ప్రచురించిన ట్రయల్‌లో కర్క్యుమిన్ (పసుపు సారం) తీసుకున్న గుంపులో ఒక్కరికీ షుగర్ రాలేదు, రెండో గుంపులో 16 శాతానికి వచ్చింది. వినడానికి అద్భుతం. ఇంత శుభ్రమైన ఫలితం చూస్తే నాకు కొంచెం గుబులే, ఇంకోచోట ఇదే స్థాయిలో చూపించేదాకా ఆగుతాను. మిరియాల సారం కలిపి ఒంటికి బాగా పట్టేలా చేసిన పసుపు క్యాప్సూల్స్‌తో కాలేయం దెబ్బతిన్న కేసులు ఇటలీలో, అమెరికాలో రికార్డయ్యాయి. వంటలో పసుపుకి, దీనికి సంబంధం లేదు. తిప్పతీగ మీద కూడా 2021లో ముంబై డాక్టర్లు ఇలాంటి కాలేయం కేసులే రాశారు, ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. మీ కాంబినేషన్ సీసాలో గుడూచి అని రాసి ఉంటే అది తిప్పతీగే. కళ్ళు పచ్చబడ్డా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆపేసి డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి.

మానుపసుపులో ఉండే బెర్బెరిన్ ఈ మధ్య బాగా వినిపిస్తోంది. మూలికల పేరుతో అమ్మేవాటిలో నిజంగా మందులా ప్రవర్తించేది ఇదేనని నా అభిప్రాయం, అందుకే మందుకి ఉండే గొడవలన్నీ దీనికీ ఉన్నాయి: విరేచనాలు, కడుపునొప్పి, వేరే మందులతో పేచీలు, గర్భిణులకి నిషిద్ధం. నేను వాడలేదు, రేటింగ్ ఇవ్వను. బీజీఆర్-34 అనే మూలికల షుగర్ మాత్ర కూడా వాడలేదు. అది లక్నోలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీఎస్ఐఆర్‌కి చెందిన రెండు ప్రయోగశాలల్లో తయారై 2015లో మాత్ర అయిదు రూపాయల లెక్కన మార్కెట్లోకి వచ్చింది, పొడపత్రి, వేగిస, మెంతులు, తిప్పతీగ, మానుపసుపు, మంజిష్ఠ దాని సరుకు. ప్రభుత్వ ప్రయోగశాల పేరుంది కదా అని నమ్మేవాళ్ళున్నారు, ఆధారాలు చాలవని అప్పుడే అడిగిన డాక్టర్లూ ఉన్నారు.

కొనేటప్పుడు నేను చూసేవి చెబుతాను. ఆయుర్వేద మందు లైసెన్సు నంబరు ఉందా, లేక ఆహార పదార్థాలకి ఇచ్చే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉందా. రెండోదైతే అది చట్టం దృష్టిలో ఆహారం, మందు కాదు, షుగర్ తగ్గిస్తానని చెప్పే హక్కే దానికి లేదు. ఒక్కో మూలిక ఎన్ని మిల్లీగ్రాములో విడివిడిగా రాయకపోతే అక్కడే పెట్టేయండి. మరీ మూడు రోజుల్లో అంకెలు పడిపోతే సంతోషించకండి, అనుమానించండి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో షుగర్ ఉత్పత్తులమ్మే 15 కంపెనీలకి హెచ్చరికలు పంపినప్పుడు, కొన్ని "సహజ" ఉత్పత్తుల్లో లేబుల్ మీద లేని అసలు షుగర్ మందులే బయటపడ్డాయి. ఇంటర్నెట్‌లో కొన్న 193 ఆయుర్వేద మందుల్ని పరీక్షించి 2008లో ప్రచురించిన లెక్కలో అయిదింట ఒకదానిలో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో తేలింది.

ఇంతకీ నా రిపోర్టు: హెచ్‌బీఏ1సీ 6.1 కాస్తా ఈసారి 5.8. ఇక్కడే మెంతులకి ఆ అయిదో స్టార్ ఆపాను, ఎందుకంటే అదే టైములో రాత్రి అన్నం మానేసి రెండు జొన్నరొట్టెలకి దిగాను, తిన్నాక కాలవగట్టు దాకా నడుస్తున్నాను, నాలుగు కిలోలు తగ్గాను. ఇందులో మెంతుల వాటా ఎంతో ఎవరు చెప్పగలరు? నడక, తిండి మార్పుకి మాత్రం గట్టి లెక్కలున్నాయి. మన భారతీయుల మీదే చేసి 2006లో ప్రచురించిన ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో ఆ రెండిటితోనే షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రతో 26.4. అమెరికాలో 2002 నాటి ట్రయల్‌లో అయితే 58 శాతం, అక్కడ పెట్టిన టార్గెట్ ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక. ఏ సీసా మీదా ఇలాంటి అంకె నాకు కనపడలేదు.

ఇదంతా చదివి కూడా ఆ కాంబినేషన్ క్యాప్సూల్ ఒకసారి చూద్దాం అనిపిస్తే, మీ ఇష్టం, కానీ మూడు సీసాల ప్యాక్ మాత్రం కొనకండి. మూత తీసిన సీసానే కాదు, ప్యాక్‌లో ఒకటి తెరిస్తే మిగతా రెండు కూడా "వెనక్కి తీసుకోం" అని నాకు మెయిల్ పెట్టారు.